అమ్మమ్మ గ్లాసు, మీ కాటా

ప్రశ్న: మాది తెనాలి దగ్గర ఊరు. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. మా అమ్మమ్మ రాసుకున్న వంటల నోటుబుక్కు అమ్మ దగ్గర ఉంది. పోయినసారి వచ్చినప్పుడు పేజీలన్నీ ఫోన్లో ఫోటోలు తీసుకున్నాను. కొలతలన్నీ గ్లాసు, గిద్దె, సోల అని, అక్కడక్కడ వీశె, పదలం అని ఉన్నాయి. ఇంట్లో డిజిటల్ కాటా ఉంది కదా అని, ఇంటర్నెట్‌లో దొరికిన పట్టిక చూసి గ్లాసుకు 240 గ్రాముల చొప్పున లెక్కేసి డిసెంబరులో ఆవకాయ పెట్టాను. అమ్మమ్మ లెక్క ఇది: ఆరు గ్లాసుల ముక్కలు, గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి, ముప్పావు గ్లాసు ఉప్పు, గ్లాసున్నర నూనె. రెండు నెలలు తిరక్కుండానే బూజు పట్టింది. తడి చెయ్యి తగిలించి ఉంటావని అత్తయ్యగారు అన్నారు. నేను అంత జాగ్రత్తగా చేశాక ఆ మాట పడటం కష్టంగా ఉంది. బాబు పుట్టినరోజుకి అమెరికా వీడియో చూసి చేసిన కేకు కూడా గట్టిగా వచ్చింది. అందులో రెండు కప్పుల మైదా అన్నారు, ఇక్కడ కొన్న కప్పుతో డబ్బాలో ముంచి తీశాను. ఒక స్టిక్ బటర్ అంటే ఎంతో తెలియక 100 గ్రాములు వేశాను. గ్లాసుల్లో, కప్పుల్లో ఉన్నవాటిని గ్రాముల్లోకి సరిగ్గా మార్చుకోవడం ఎలా? అసలు మార్చకూడదా?

జవాబు: ముందుగా మీ మనసులో ఉన్న బరువు దించాలి. మీరు రాసిన అంకెలు కాగితం మీద పెట్టి లెక్క చూశాను. తడి చెయ్యి తగిలినా తగలకపోయినా ఆ ఆవకాయ నిలవ ఉండేది కాదు. అందులో పడాల్సిన ఉప్పు పడలేదు. అది మీ అశ్రద్ధ వల్ల కాదు, మీరు నమ్మిన పట్టిక వల్ల. ఈ మాట అత్తయ్యగారికి కూడా చదివి వినిపించండి.

గ్లాసుకు 240 గ్రాములన్న ఆ లెక్క నీళ్లకు సరిపోతుంది. 240 మిల్లీలీటర్ల నీళ్లు 240 గ్రాములు తూగుతాయి. మజ్జిగ, పాలు కూడా ఇంచుమించు అంతే. కానీ గ్లాసు కొలిచేది చోటును, కాటా కొలిచేది బరువును. ఒకే గ్లాసులో బియ్యం పోస్తే 190 గ్రాములు దాటతాయి. అదే బియ్యంతో చేసిన బొరుగులు పోస్తే 15 గ్రాములు కూడా తూగవు. గ్లాసు మారలేదు, గింజ జాతీ మారలేదు, లోపల గాలి ఎంత ఉందన్నదే మారింది. అందుకే "గ్లాసుకు ఎన్ని గ్రాములు" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. ఏం పోశారు, ఎలా పోశారు అని అడిగాకే చెప్పగలం.

ఇప్పుడు మీ ఆవకాయ సంగతి చూద్దాం. అమ్మమ్మ గ్లాసు 240 మిల్లీలీటర్లదే అనుకుందాం. మామిడి ముక్కలు గ్లాసులో పోస్తే మధ్యలో సందులు ఉంటాయి కాబట్టి గ్లాసుకు 145 గ్రాములకు అటూ ఇటూ వస్తాయి. ఆరు గ్లాసులంటే 870 గ్రాములు. కారం తేలిక, గ్లాసు 115 గ్రాములు వస్తుంది. ఇంట్లో కొట్టిన ఆవపిండి కూడా దాదాపు అంతే, 110 అనుకోండి. ఉప్పు మాత్రం బరువు. కల్లుప్పు ఎండబెట్టి దంచితే గ్లాసుకు 250 గ్రాములు దాకా ఉంటుంది, ముప్పావు గ్లాసంటే 190. గ్లాసున్నర నూనె 330. అమ్మమ్మ చేతిలో కిలో ముక్కలకు 220 గ్రాముల ఉప్పు, 380 గ్రాముల నూనె పడ్డాయన్నమాట.

మీరు అన్నింటినీ 240తో గుణించారు. ముక్కలు 1,440 గ్రాములయ్యాయి, కారం 240, ఆవపిండి 240, ఉప్పు 180, నూనె 360. ఇప్పుడు కిలో ముక్కలకు ఉప్పు 125 గ్రాములే. 220 పడాల్సిన చోట 125! నూనె 380 బదులు 250. పైగా కారం, ఆవపిండి పాళ్లు పెరిగాయి. పొడులు ఎక్కువైతే ఉన్న నూనెను అవే పీల్చేసుకుంటాయి. మీ జాడీలో నూనె పైకి తేలలేదనీ, ముక్కలు పొడిపొడిగా కనిపించాయనీ నా అనుమానం. పచ్చడిని కాపాడేవి ముఖ్యంగా రెండు, ముక్కలోకి దిగే ఉప్పు, పైన గాలి తగలకుండా కప్పే నూనె. మీ లెక్కలో ఆ రెండూ తగ్గాయి. మనవాళ్లు ఆవకాయ పెట్టేటప్పుడు తడి గురించి అంత పట్టుబట్టేది నిజమే, అది అవసరమే. కానీ ఉప్పు చాలని పచ్చడిని ఎంత పొడి చెయ్యి పట్టుకున్నా ఆపలేదు.

ఉప్పు గురించి ఇంకో మాట. గ్లాసుతో కొలిచేటప్పుడు అన్నింటికన్నా ఎక్కువ మోసపోయేది దాని దగ్గరే. దంచని కల్లుప్పు పలుకుల మధ్య ఖాళీ ఎక్కువ, అందుకే గ్లాసులో తక్కువ పడుతుంది. ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పు అదే గ్లాసులో 280 గ్రాములు దాటుతుంది. అమ్మమ్మ నోటుబుక్కులో "ఉప్పు" అని ఉంటే అది దంచిన కల్లుప్పా, దంచని కల్లుప్పా అని అమ్మను తప్పకుండా అడగండి. ఒకసారి ఆ బరువు తెలిసిందా, ఇక ఆస్ట్రేలియాలో ఏ ఉప్పు దొరికినా ఫర్వాలేదు. 190 గ్రాములంటే ఏ ఉప్పయినా 190 గ్రాముల ఉప్పే. కాటా కొన్నందుకు మీకు దక్కే అసలు లాభం ఇదే.

కాబట్టి మార్చుకోండి, కానీ ఇంటర్నెట్ పట్టికతో కాదు, అమ్మమ్మ గ్లాసుతో. ఆ గ్లాసు ఇంకా మీ అమ్మగారి వంటింట్లో ఉండే ఉంటుంది. ఒకరోజు అమ్మ తీరిగ్గా ఉన్నప్పుడు వీడియో కాల్ చేయండి. ఇంట్లో చిన్న కాటా లేకపోతే పక్కింట్లో అడగమనండి, లేదా గ్లాసు పట్టుకుని వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్ళమనండి. ఖాళీ గ్లాసును కాటా మీద పెట్టి సున్నా చేయాలి. తర్వాత అంచు దాకా నీళ్లు పోయాలి. ఎన్ని గ్రాములు చూపిస్తే గ్లాసు అన్ని మిల్లీలీటర్లదని అర్థం. స్టీలు గ్లాసుల్లో 150 నుంచి 300 మిల్లీలీటర్ల దాకా రకరకాలున్నాయి. మీ గ్లాసు ఏదో తెలియకుండా ఎవరి పట్టికా మీకు పనికిరాదు. గిద్దె, సోల కొలపాత్రలు అటక మీద ఉంటే వాటికీ ఇలాగే నీళ్లు పోసి చూడమనండి.

నా పెళ్లయిన కొత్తలో మా అమ్మ ఇచ్చిన గిద్దెనూ, అత్తగారి గిద్దెనూ పక్కపక్కన పెట్టి ఒకదాంట్లో నీళ్లు రెండోదాంట్లో పోశాను. అత్తగారిది ఒంపగానే పొంగి పొర్లింది. రెండూ గిద్దెలే, ఇద్దరి వంటా బాగుండేది. ఎందుకంటే ఎవరి వంటలో అన్నీ వారి గిద్దెతోనే కొలిచేవారు. ఒకే పాత్రతో అన్నీ కొలిచినంతకాలం ఆ పాత్ర చిన్నదైనా పెద్దదైనా పాళ్లు చెడవు. సగం గ్లాసుతో, సగం కాటాతో కొలిచినప్పుడే చిక్కు వస్తుంది.

నోటుబుక్కులో మీరు చూసిన మాటలు రెండు జాతులవి, వాటిని విడదీసుకోవాలి. గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం ఇవన్నీ చోటు కొలతలు. మా వైపు నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. వీటిని గ్రాముల్లోకి మార్చాలంటే పైన చెప్పినట్టు ఒక్కో సరుకూ విడిగా తూయాల్సిందే. తులం, పలం, వీశె, మణుగు మాత్రం తూకాలు. వీటిని నేరుగా మార్చేయొచ్చు. తులం 11.66 గ్రాములు. మూడు తులాలు పలం, అంటే 35 గ్రాములు. ఏబలం అంటే అయిదు పలాలు, 175 గ్రాములు. పదలం అంటే పది పలాలు, 350. నలభై పలాలు వీశె, దగ్గర దగ్గర కిలో నాలుగు వందల గ్రాములు. కాబట్టి "బెల్లం పదలం" అని ఉంటే కళ్లు మూసుకుని 350 గ్రాములు వేసుకోవచ్చు. శేరు దగ్గర మాత్రం ఆగండి. శేరు తూకానికీ ఉంది, ధాన్యానికీ పాలకూ కొలపాత్రగానూ వాడారు. ఆ పేజీలో ఏది కొలుస్తున్నారో చూసి, అమ్మను అడిగి తేల్చుకోవాలి. దేశంలో మెట్రిక్ తూకాలకు చట్టం వచ్చింది 1956లో. ఇళ్లలో పాత మాటలు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచాయి కాబట్టి ఒకే నోటుబుక్కులో కిలో, వీశె రెండూ కనిపించినా కంగారు పడకండి.

ఇంకొకటి, గ్లాసు నిండా అంటే ఎంత నిండా? కొందరు అంచుకు సమంగా చేత్తో తుడిచేస్తారు. కొందరు పైన గోపురంలా లేచేదాకా పోస్తారు. మూతి వెడల్పుగా ఉన్న గ్లాసైతే ఆ గోపురంలోనే ఎంతో సరుకు కూర్చుంటుంది. పిండిని కొందరు గ్లాసును రెండుసార్లు గట్టున తట్టి కొలుస్తారు, దాంతో పిండి అణిగి ఇంకాస్త పడుతుంది. ఇవన్నీ అమ్మ చెబితే తెలిసేవి కావు, ఆవిడ చేస్తుంటే చూడాలి. "నువ్వు రోజూ ఎలా కొలుస్తావో అలాగే కొలువు, నాకోసం జాగ్రత్తగా కొలవకు" అని చెప్పండి. ప్రతిదీ మూడుసార్లు కొలిపించి, మూడు తూకాలూ రాసుకుని మధ్యస్థంగా ఉన్నది తీసుకోండి.

సరిచూసుకోవడానికి 240 మిల్లీలీటర్ల గ్లాసుకు, అంచు సమంగా, కొన్ని అంకెలు చెబుతాను. బియ్యం 190 నుంచి 200, కందిపప్పూ మినప్పప్పూ కూడా అంతే. పంచదార 200, అదే పొడి చేస్తే 120కి పడిపోతుంది. బొంబాయి రవ్వ 170 ప్రాంతం. మైదా వదులుగా పోస్తే 120, శనగపిండి 100 చిల్లర. నూనె 220, కరిగిన నెయ్యి 217. ఈ చివరి రెండూ మీరే లెక్క కట్టుకోవచ్చు. మన దగ్గర లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములనీ, లీటరు నెయ్యి డబ్బా మీద 905 గ్రాములనీ అచ్చు వేసి ఉంటుంది. తేనె అన్నింటికన్నా బరువు, 340 దాకా వస్తుంది. మీ గ్లాసు 200 మిల్లీలీటర్లదైతే వీటన్నింటినీ 240తో భాగించి 200తో గుణించండి. మీరు తూచినదానికీ నేను చెప్పినదానికీ పదో వంతు తేడా వస్తే మీదే నమ్మండి. సగానికి సగం తేడా ఉంటే మాత్రం మళ్లీ తూయండి.

ఈ అంకెలు చూశాక మైసూర్ పాక్ ఎందుకు కొందరికి రాయిలా వస్తుందో మీకే అర్థమవుతుంది. గ్లాసు శనగపిండి, రెండు గ్లాసుల పంచదార, రెండు గ్లాసుల నెయ్యి అన్నది గ్లాసు లెక్క. గ్రాముల్లో అది 100, 400, 434. ఒకటికి రెండు రెండు అన్న మాట పట్టుకుని కాటా మీద 200 గ్రాముల పిండికి 400 పంచదార, 400 నెయ్యి పెడితే పిండి రెట్టింపైపోయింది. ఇంక అది పొంగదు, గుల్లగా విరగదు.

పిండి చేసే వంటల్లో కొలత ఎప్పటిదని అడగాలి. "గ్లాసు మినప్పప్పు వేయించి పిండి కొట్టి" అని ఉంటే పప్పును కొలిచారు. "గ్లాసు మినపపిండి" అని ఉంటే కొట్టాక కొలిచారు. పప్పు పిండి అయితే చోటు పెరుగుతుంది, బరువు పెరగదు. సున్నుండలకు బెల్లం చాల్లేదనో ఎక్కువైందనో అనిపిస్తే నూటికి తొంభైసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. అరిసెల దగ్గర తిరకాసు ఇంకో రకం. నానిన బియ్యం నీళ్లు పీల్చుకుంటాయి. కిలో బియ్యం నానబెట్టి వడకడితే కిలోంపావు దాటి తూగుతాయి. బెల్లం పాళ్లు ఎప్పుడూ పొడి బియ్యం తూకానికే చెబుతారు, కాబట్టి నానబెట్టకముందే తూచి రాసుకోండి. తడిపిండిని గ్లాసుతో కొలిస్తే ఇక ఆశ వదులుకోవాల్సిందే, అది ఒకసారి వదులుగా, ఒకసారి ముద్దగా పడుతుంది. బెల్లం కూడా గ్లాసుకు లొంగదు. తరిగినది, కొట్టినది, పొడి చేసినది మూడూ మూడు బరువులు. బెల్లం కనిపించిన ప్రతి పేజీలోనూ గ్రాములు రాసిపెట్టుకోండి.

అలాగని నోటుబుక్కు మొత్తాన్ని మార్చే శ్రమ పెట్టుకోవద్దు. ఇడ్లీకి ఒకటికి రెండు మినప్పప్పు, రవ్వ అన్నప్పుడు గ్లాసుతో కొలిచినా కాటాతో తూచినా తేడా చిన్నదే, రెండింటి బరువూ దగ్గర దగ్గరే. పప్పులోకి నీళ్లు, ఉప్మాకి నీళ్లు, పులిహోరకి బియ్యం ఇవన్నీ గ్లాసుతోనే సుఖం. రైస్ కుక్కర్ విషయంలో మాత్రం దాంతో వచ్చిన కప్పునే వాడండి. అది జపాన్ పద్ధతి కప్పు, 180 మిల్లీలీటర్లే, 150 గ్రాముల బియ్యం పడతాయి. గిన్నె లోపల గీతలు ఆ కప్పును బట్టి గీసినవి. పెద్ద కప్పుతో బియ్యం పోసి ఆ గీత దాకా నీళ్లు పోస్తే అన్నం పలుకుగా ఉంటుంది. నిలవ పచ్చళ్లు, పాకం పట్టే మిఠాయిలు, ఓవెన్‌లో పెట్టేవి, ఈ మూడింటికీ గ్రాములు రాసుకుంటే చాలు. మధ్యలో రుచి చూసి సరిదిద్దుకునే వీలు వాటికే తక్కువ.

చారెడు, గుప్పెడు, దోసెడు, నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లం... ఇవి మీ నోటుబుక్కులో లేకుండా ఉండవు. వీటికి పట్టిక ఎక్కడా దొరకదు, అది మీ అమ్మమ్మ చెయ్యి. ఇప్పుడు దానికి దగ్గరగా ఉన్న చెయ్యి మీ అమ్మది. కాల్‌లో ఉన్నప్పుడే అమ్మను నిమ్మకాయంత చింతపండు తీసి కాటా మీద పెట్టమనండి. మా ఇంట్లో అది 25 గ్రాములు. మీ ఇంట్లో 35 ఉండొచ్చు, అప్పుడు మీ పులుసుకు అదే సరైనది. ఈ పని వాయిదా వేయకండి. గ్లాసు ఎప్పుడైనా తూచుకోవచ్చు. అమ్మ చారెడు అమ్మ దగ్గరే తూచుకోవాలి.

ఇక కేకు. అందులో నాలుగు చిన్న తేడాలు ఒకేసారి కలిశాయి. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు, మీరు ఆస్ట్రేలియాలో కొన్నది 250. అన్నీ కప్పులతోనే కొలిస్తే దీనివల్ల నష్టం ఉండదు. కానీ గుడ్లు కప్పును బట్టి పెద్దవి కావు కదా, స్టిక్ బటర్ కూడా పెరగదు. రెండోది, కప్పును మైదా డబ్బాలో ముంచి తీశారు. స్పూనుతో వదులుగా పోసి పైన సమం చేస్తే 120 గ్రాములు రావాల్సిన చోట, ముంచి తీస్తే 150 వస్తుంది. మీ పెద్ద కప్పుతో ఇంకాస్త. రెండు కప్పులకీ కలిపి 75 గ్రాముల దాకా మైదా ఎక్కువ పడింది. మూడోది, స్టిక్ బటర్ అంటే 113 గ్రాములు, మీరు 100 వేశారు. మీకు దొరికే 250 గ్రాముల కట్టలో సగానికి కాస్త తక్కువ కోసుకుంటే సరిపోతుంది. పిండి ఎక్కువై, వెన్న తగ్గితే కేకు గట్టిపడక ఏం చేస్తుంది?

నాలుగోది మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను, టేబుల్ స్పూన్ ఎక్కడ కొన్నారు? టీస్పూన్ అన్నిచోట్లా 5 మిల్లీలీటర్లే. టేబుల్ స్పూన్ మాత్రం అమెరికాలో 15, ఆస్ట్రేలియాలో 20. ఆ వీడియోలో ఒక టేబుల్ స్పూన్ బేకింగ్ పౌడర్ అంటే మీ చెంచాతో మూడో వంతు ఎక్కువ పడుతుంది. దీనికి సులువు, టేబుల్ స్పూన్ అని విన్న చోటల్లా మూడు టీస్పూన్లు వేసుకోండి. అమెరికా వంటల్లో ఔన్సు అన్న మాట కూడా చూసి వాడండి. ఉత్త ఔన్సు తూకం, 28 గ్రాములు. ఫ్లూయిడ్ ఔన్సు చోటు కొలత, 30 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ. ఒక కప్పు తేనె ఎనిమిది ఫ్లూయిడ్ ఔన్సులే అయినా తూకంలో పన్నెండు ఔన్సులు. కేకులకు గ్రాముల్లోనే చెప్పే వంటకాలు ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి. మొదట వాటితో మొదలుపెట్టండి, బాబు పైఏడు పుట్టినరోజుకి ముందు ఒకసారి ఉత్తినే చేసి చూడండి.

కాటా గురించి కూడా ఒక హెచ్చరిక. వంటింటి కాటాలు గ్రాము గ్రాముకీ చూపిస్తాయి కానీ అయిదు గ్రాముల లోపు వాటిని నమ్మలేం. ఇంగువ, వంట సోడా, ఈస్టు లాంటివాటికి టీస్పూనే మేలు. కాటా మీద గిన్నె పెట్టాక సున్నా చేసే బటన్ నొక్కడం మరిచిపోకూడదు. ఒక్కో సరుకూ వేశాక మళ్లీ నొక్కితే ఒకే గిన్నెలో అన్నీ తూచుకోవచ్చు. ఉప్పు మాత్రం విడిగా చిన్న గిన్నెలో తూచి పోయండి, చెయ్యి జారి ఎక్కువ పడితే ఆవపిండిలోంచి వెనక్కి తీయలేం.

ఆ బూజు పట్టిన జాడీని ఏం చేశారో రాయలేదు. పైపైన తీసేసి కింది ముక్కలు వాడుకుందామని, మళ్లీ ఉప్పేసి కలిపేద్దామని అనుకోవద్దు. కనిపించే బూజు పైనే ఉన్నా, కనిపించనిది లోపలికి దిగి ఉంటుంది. మనసుకు ఎంత కష్టంగా ఉన్నా మొత్తం పారేయండి. జాడీని వేడినీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టండి.

మళ్లీ మామిడికాయలు రాగానే కిలో ముక్కలతోనే పెట్టండి. టెంకతో కోసి, జీడి తీసి, తుడిచి, ఆరాక తూచిన కిలో. దానికి దంచిన ఉప్పు 220 గ్రాములు, కారం 130, ఆవపిండి 125, నువ్వుల నూనె 380 గ్రాములు, అంటే 420 మిల్లీలీటర్లు. ఇవి నేను ఊహించిన గ్లాసుతో వచ్చిన అంకెలు. ఈలోపు అమ్మ తన గ్లాసుతో తూచి చెప్పిన అంకెలు చేతికొస్తే వీటిని పక్కన పెట్టేసి అవే వాడండి. మూడో రోజు జాడీ తెరిచి, పొడి గరిటెతో అడుగు నుంచి కలిపి, ఊటలో ఉప్పు చూడండి. ఆ రోజుకు నాలుకకు కాస్త ఎక్కువ ఉప్పగానే ఉండాలి, ముక్క ఇంకా పీల్చుకుంటుంది. చప్పగా ఉంటే పది గ్రాములు కలిపి, ఆ పది గ్రాములనూ అమ్మమ్మ పేజీ ఫోటో కింద రాసుకోండి. నూనె ముక్కల పైకి వేలు మందాన తేలకపోతే కాచి చల్లార్చిన నూనె ఇంకొంచెం పోయండి. ఆ తర్వాత ఒక చిన్న సీసాలో పెట్టి అత్తయ్యగారికి ఇవ్వండి.